కర్మమా, కారణమా?

తెలుగువారి నోట దినమున కెన్నిమారులో వినవచ్చు మాట ‘కర్మ’. బండి తప్పినను కర్మయే. పంట పోయినను కర్మయే. కుమారునికి చదువు అబ్బకున్నను కర్మయే. ‘ఏ జన్మలో ఏ పాపము చేసితినో’ యని తల్లి కన్నీరు పెట్టుకొనును. ‘పెట్టి పుట్టినాడు’ అని కలవానిని చూచి ఇరుగుపొరుగువారు నిట్టూర్చుదురు. ‘చేసుకొన్నవారికి చేసుకొన్నంత’ అని రచ్చబండపై పెద్దలు తేల్చి చెప్పుదురు. మాట యొక్కటియే, కాని యిందు మూడు వేరువేరు పనులు జరుగుచున్నవి. తల్లి తన దుఃఖమును మోయుచున్నది. ఇరుగుపొరుగువారు తమ లేమికి సమాధానము చెప్పుకొనుచున్నారు. పెద్దలు పరులపై తీర్పు చెప్పుచున్నారు. ఈ మూడింటిని ఒకే గాటికి కట్టి, కర్మసిద్ధాంతము మంచిదనియో చెడ్డదనియో వాదించుట వలన ప్రయోజనము లేదు. ఈ నమ్మకము మన నడవడిపై ఎచ్చట మేలు చేయుచున్నదో, ఎచ్చట కీడు చేయుచున్నదో విడదీసి చూచుటయే యీ వ్యాసమున మేము తలపెట్టిన పని.

విమర్శకు ముందు సిద్ధాంతమునకు న్యాయము చేయవలెను. కర్మ యనగా చేసిన పని. పనికి ఫలితముండును, ఆ ఫలితము చేసినవానినే వెదకికొని వచ్చును. ఒక జన్మలో తీరనిది మరియొక జన్మలో తీరును. మన శాస్త్రకారులు దీనిని సంచితము, ప్రారబ్ధము, ఆగామి యని మూడుగా విభజించిరి. సంచితము గాదెలోని ధాన్యము వంటిది. ప్రారబ్ధము అందుండి వంటకు తీసిన బియ్యము. ఆగామి ఇప్పుడు పొలమున చల్లుచున్న విత్తనము. ఈ భావనకు రెండు గొప్ప బలములు గలవు. న్యాయస్థానమునకు గాని లోకులకు గాని వెరవని బలవంతుడు సైతము, తాను చేసిన పని యెన్నటికిని చెరగిపోదని తలచినచో, కొంత వెనుకాడును. మనుజుడు దైవముల చేతి ఆటబొమ్మ కాదు, తన బ్రతుకునకు తానే కర్త యను ధైర్యము రెండవ బలము. ఇంతవరకు కర్మసిద్ధాంతము పురుషకారమునకు శత్రువు కాదు, మిత్రమే. దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా యని ధర్మరాజు భీష్ము నడిగిన ప్రశ్న మహాభారతము అనుశాసనిక పర్వమున గలదు. అచ్చటి సమాధానము కూడ విత్తనమును, పొలమును ఉపమానముగా గొని, ప్రయత్నము లేని దైవము ఫలింపదనియే చెప్పును.

చిక్కు ఎచ్చట వచ్చుచున్నది? సిద్ధాంతమును ముందునుండి వెనుకకు చదువుటలో వచ్చుచున్నది. ‘చెడు చేసినచో చెడు కలుగును’ అనుట ఒకటి; ‘వీనికి చెడు కలిగినది గనుక వీడు చెడు చేసియుండును’ అనుట మరియొకటి. వాన కురిసినచో వాకిలి తడియును. కాని వాకిలి తడిసియున్నంత మాత్రమున వాన కురిసినదని చెప్పవచ్చునా? ఇల్లాలు కళ్లాపి చల్లియుండవచ్చును. మొదటి మాట మనలను హెచ్చరించును. రెండవ మాట ఎదుటివానిని దోషిగా నిలుపును. మన నిత్యజీవితమున కర్మయను మాట నూటికి తొంబదిమారులు ఈ రెండవ అర్థముననే వాడబడుచున్నదని మా నమ్మకము.

ఈ భేదమును చర్చతో కంటె ఒక ఉదాహరణముతో స్పష్టము చేయవచ్చును. అది దూరదేశపు కథ కాదు. మన హైదరాబాదు నగరము కంటితో చూచినదే.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసినది. సుమారు పదిహేను వేలమంది ప్రాణములు కోల్పోయిరని అంచనా. అఫ్జల్‌గంజ్ ప్రాంతమున ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నెక్కి నూటయేబది మంది వరకు బ్రతికి బయటపడిరని నేటికిని చెప్పుకొందురు. ఆ చెట్టు నేడును ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. నాటి ప్రభువు ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పురోహితుల మాట మన్నించి, నదీతీరమునకు వచ్చి, పసుపు కుంకుమలతో చీర సారె లర్పించి గంగమ్మను శాంతింపజేసెనను కథ కూడ నగరమున ప్రచారములో గలదు. పరమతపు ప్రభువు ప్రజల విశ్వాసమును గౌరవించుట మెచ్చదగినదే. దుఃఖములో నున్న ప్రజలకు అది ఊరట నిచ్చియుండును. కాని నది యెందులకు పొంగినదను ప్రశ్నకు ఆ పూజ సమాధానము కాదు గదా!

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటకై 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను హైదరాబాదు సంస్థానము పిలిపించినది. ఆయన ఎవరి పాపము పండినదని విచారింపలేదు. వాన యెంత కురిసినదని విచారించెను. నగరమునకు నైరుతి దిక్కున నున్న శంషాబాదులో వర్షమాపక మొకటి యుండెను. ఇరువదినాలుగు గంటలలో 12.8 అంగుళములు, నలుబదియెనిమిది గంటలలో 18.9 అంగుళములు, అనగా నేటి లెక్కలో సుమారు 48 సెంటీమీటర్ల వాన ఆ పరికరమున నమోదైనది. మూసీ పరివాహక ప్రాంతమున నున్న 788 చెరువులలో 221 చెరువులు తెగిపోయినవని కూడ తేలినది. ఒక చెరువు తెగి దిగువ చెరువును తెంపుట, ఆ రెండింటి నీరును కలిసి మూడవదానిని తెంపుట, ఇట్లు గొలుసుకట్టుగా వచ్చిన జలరాశి నగరముపై పడినది. ఇది కారణము. కారణము తెలిసినచో ఉపాయము తోచును. నగరమునకు ఎగువన మూసీపై ఒకటి, దాని ఉపనదియగు ఈసీపై ఒకటి, రెండు జలాశయములను నిర్మించి వరదను పట్టి ఉంచవలెనని విశ్వేశ్వరయ్య సూచించెను. 1920లో ఉస్మాన్‌సాగరము, 1927లో శంషాబాదునకు చేరువనే హిమాయత్‌సాగరము పూర్తియైనవి. వరదను ఆపుటకై కట్టిన యీ రెండు జలాశయములే దశాబ్దముల పాటు నగరమునకు త్రాగునీటి నిచ్చినవి.

ఇక్కడ ఒక ఆక్షేపణ వినవచ్చును. ‘వాన యెట్లు వచ్చినదో, వరద యెట్లు వచ్చినదో ఇంజనీరు చెప్పును. కాని ఆ చెట్టునెక్కినవారే యేల బ్రతికిరి? ప్రక్క ఇంటివారేల మునిగిరి? దీనికి కర్మ తప్ప సమాధాన మేది?’ అందురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. ఆప్తులను కోల్పోయిన ప్రతి మనస్సును దహించు ప్రశ్న యిది. కాని కర్మ యిచ్చు సమాధానమును పరిశీలింపుడు. బ్రతికినవాడు పుణ్యాత్ముడు, చచ్చినవాడు పాపాత్ముడు. రేపు వీడే చచ్చినచో వీడును పాపాత్ముడే. ఏది జరిగినను సరిపోవు సమాధానము దేనిని వివరించినట్లు? పైగా నాడు మునిగినవారిలో అధికులు నదీతీరపు పల్లపు పేటలలో నున్నవారు. పాపాత్ము లందరును ఏరి కోరి పల్లములోనే ఇండ్లు కట్టుకొనిరనుకొనవలెనా? పల్లమున నివసించుట పేదరికమునకు గుర్తే గాని పాపమునకు గుర్తు కాదు.

ప్రతి కష్టమును పూర్వకర్మకే అంటగట్టుట మన ప్రాచీనుల కందరికి సమ్మతమును కాదు. సీవకుడను పరివ్రాజకుడు బుద్ధుని ఈ విషయముననే ప్రశ్నించినట్లు పాలి వాఙ్మయమున గలదు. మనుజుడనుభవించు సుఖదుఃఖములకు పైత్యము, శ్లేష్మము, వాతము, ఈ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, తన అజాగ్రత్త, ఇతరులు చేసిన హింస అను కారణములను వరుసగా చెప్పి, కర్మఫలమును ఎనిమిదవదిగా మాత్రమే బుద్ధుడు లెక్కించెను. అన్నిటికి పూర్వకర్మయే మూలమనువారు ప్రత్యక్షముగా తెలిసినదానిని దాటి పోవుచున్నారని ఆయన అభిప్రాయము. చరకసంహిత విమానస్థానము మూడవ అధ్యాయమున జనపదములే నశించు మహామారుల ప్రసక్తి వచ్చును. వేరువేరు ప్రకృతులు, ఆహారములు, వయస్సులు గలవారు ఒకే కాలమున ఒకే రోగముతో ఏల మరణింతురని అగ్నివేశుడు ఆత్రేయు నడుగును. వాయువు, జలము, దేశము, కాలము అను నాలుగును అందరికి సమానములు గనుక, అవి చెడినపుడు అందరును చెడుదురని ఆత్రేయుడు చెప్పును. ఆ నాలుగును చెడుటకు మూలము అధర్మమని కూడ ఆయన అనును. కాని ఆ అధర్మము ఎవరినుండి మొదలగును? దేశమును, నగరమును ఏలు ప్రధానులనుండి మొదలై క్రిందివారికి వ్యాపించును. చచ్చిన రోగిని కాక, పాలించువానిని ముందుగా వేలెత్తి చూపిన ఈ వైద్యుని ధర్మదృష్టి గమనింపదగినది.

కర్మను వెనుకకు చదువుటలో మొదటి కీడు, బాధపడువానిపై నింద మోపుట. ఇది కర్మసిద్ధాంతము తెలిసిన మనకు మాత్రమే పరిమితమైన దోషము కాదు. 1966లో అమెరికాలో మెల్విన్ లెర్నర్, కారొలిన్ సిమ్మన్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగము చేసిరి. పాఠము తప్పు చెప్పినపుడెల్ల ఒక యువతికి విద్యుద్ఘాతము తగులుచున్నట్లు విద్యార్థినులకు చూపిరి. నిజమునకు ఆమెకు ఏ బాధయు లేదు, అది నటన. ఆమె బాధను ఆపు అవకాశము ఇచ్చినపుడు చాలమంది ఆపుటకే కోరుకొనిరి. ఆ అవకాశము లేక, ఆమె ఇంకను బాధపడవలెనని తెలిసినవారు మాత్రము క్రమముగా ఆమెనే తక్కువ చేసి మాటాడిరి. కారణము ఊహింపవచ్చును. నిర్దోషికి కష్టము వచ్చునని ఒప్పుకొన్నచో రేపు మనకును రావచ్చును. ఆ భయమును భరించుట కంటె, ఆమెయే అందులకు తగినదనుకొనుట సులభము. కర్మ యను మాట ఆ అమెరికా విద్యార్థినులకు లేదు, మనకు గలదు. సిద్ధముగా నున్న మాట గనుక మన నోట త్వరగా వచ్చును.

మన సమాజమున దీని ఫలితమును అధికముగా అనుభవించినది స్త్రీలు, అంటరానివారని త్రోయబడినవారు. ఎనిమిదేండ్ల పిల్లను ముదుసలి కిచ్చి పెండ్లి చేసినవారు పెద్దలు; వాడు చనిపోయినపుడు పాపము పిల్లది. పూర్వజన్మమున ఏమి చేసినదో అని తల గొరిగించి మూల కూర్చుండబెట్టిరి. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించునపుడు ఎదుర్కొన్నది శాస్త్రవాదమును మాత్రమే కాదు, ‘అది దాని రాత’ యను ఈ నిశ్చలతను కూడ. రాత యని నమ్మబడినది ఒక మంగళసూత్రముతో మారిపోయినది! ఇక పుట్టుకతో వచ్చు హీనత పూర్వకర్మ ఫలమను బోధను డాక్టర్ అంబేద్కరు తమ మరణానంతరము 1957లో ప్రచురితమైన బుద్ధధర్మ గ్రంథమున తీవ్రముగా ఖండించిరి. పేదల దుస్థితికి గతజన్మను చూపుట వలన ప్రభుత్వమును, సమాజమును తమ బాధ్యతనుండి తప్పించుకొనునని ఆయన వాదము.

ఇదియే రెండవ కీడు: బాధ్యుడు తప్పించుకొనుట. ఇందులకు మరల శంషాబాదు దారినే చూడవచ్చును. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టికి శంషాబాదు సమీపమున గగన్‌పహాడ్ వద్ద నున్న అప్పచెరువు తెగినది. ఆ నీరు బెంగుళూరు జాతీయ రహదారిపై పారి, వాహనములను, మనుషులను కొట్టుకొని పోయినది; ప్రాణనష్టము జరిగినది. విమానాశ్రయమునకు పోవు మార్గమిది. దినమున వేలకొలది ప్రయాణికులు పోవుదురు. ఆ రాత్రి ఆ క్షణమున అచ్చట నున్నవారి గూర్చి ‘వారి కర్మ యట్లున్నది’ అనుట ఎంత సులభము! కాని ఆ చెరువు విస్తీర్ణములో పెద్దభాగము ఆక్రమణలకు గురియైనదని తరువాత బయటపడినది. 2024 ఆగస్టులో ‘హైడ్రా’ యను ప్రభుత్వసంస్థ అచ్చటి కట్టడములను కొన్నిటిని కూల్చివేసినది. నీటి చోటు నాక్రమించినది ఒకరు, కొట్టుకొనిపోయినది మరియొకరు. కర్మసిద్ధాంతపు మొదటి సూత్రమేమి? చేసినవాడే అనుభవించును. ఇచ్చట చేసినవాడు వేరు, అనుభవించినవాడు వేరు. ఈ అన్యాయమును కప్పిపుచ్చుటకు, చనిపోయినవానికి తెలియని జన్మ నొకటి కల్పించి అందులో పాపమును వ్రాయుచున్నాము.

సదుద్దేశముతో చేసినను ఈ తర్కము ప్రమాదకరమే. 1934 జనవరి 15న బీహారులో మహాభూకంపము వచ్చినపుడు, అది అస్పృశ్యత యను పాపమునకు దైవము విధించిన శిక్షయని మహాత్మాగాంధి అనిరి. అస్పృశ్యతను ఆయనతో సమముగా ఖండించిన రవీంద్రనాథ ఠాకూరు ఈ మాటను మాత్రము బహిరంగముగా వ్యతిరేకించిరి. ప్రకృతి ఉత్పాతములకు ప్రకృతిలోనే కారణములు వెదకవలెనని ఆయన పక్షము. ఠాకూరు వాదములో నిగూఢమైన సత్యమొకటి గలదు. నేడు భూకంపము అస్పృశ్యతకు శిక్ష యని ఒకరనవచ్చును; రేపు అదే భూకంపము అస్పృశ్యతను తొలగింపబూనినందులకు శిక్ష యని ఇంకొకరనవచ్చును. సాక్ష్యము చెప్పలేని భూమిని ఎవరైనను తమ పక్షమునకు సాక్షిగా నిలుపుకొందురు.

రేడియో ఉద్యోగులమైన మాకు ఈ విషయమున ప్రత్యేకమైన ఆసక్తి యొకటి గలదు. వాతావరణశాఖ హెచ్చరికలను మేము ప్రసారము చేయుదుము. తలరాత మారనిదైనచో హెచ్చరిక యెందులకు? 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనము నశించిరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినపుడు ఆస్తి నష్టము అపారముగా జరిగినను, ఆంధ్రప్రదేశమున మృతుల సంఖ్య వందకు లోబడి నిలిచినది. రెండు తుపానులును సర్వసమానములు కావు. దివిసీమలో సముద్రమే ఊళ్లపైకి వచ్చినది. ఐనను ముందుగా తెలిసికొనుట, లక్షలమందిని సురక్షిత స్థలములకు చేర్చుట ఈ మార్పునకు ముఖ్య కారణములు. ముప్పదియేడేండ్లలో తీరవాసుల పూర్వకర్మ బాగుపడినదని ఎవరును అనరు గదా!

మరి కర్మ నమ్మకము పోయినచో నీతి నిలుచునా యను భయము కొందరికి గలదు. నీతికి కావలసినది ‘చేసిన పనికి ఫలితము గలదు’ అను ఎరుక. అది మిగులును; మిగులవలెను కూడ. చెరువు నాక్రమించువాడు వచ్చు జన్మకు వెరచుట లేదు. ఈ జన్మలో ప్రశ్నింపబడుదునని తెలిసినచో వెరచును. ఆగామి కర్మను అదుపు చేయుటకు అంతకన్న మంచి మార్గము లేదు.

ఇక దుఃఖమున నున్నవారి మాట. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ‘నా కర్మ’ అని విలపించునపుడు ఆమెతో తర్కింపబూనుట కాఠిన్యము. ఆమె వివరణ చెప్పుట లేదు. మోయలేని బరువును మోయుచున్నది. తన కష్టమును తానట్లు తలచుకొని లేచి నిలబడు హక్కు ప్రతివారికి గలదు. కాని అదే మాట ప్రక్కవాడన్నచో అది ఊరట కాదు, తీర్పు. కావున మేమొక చిన్న నియమమును పాఠకుల ముందుంచుచున్నాము: కర్మ యను మాటను ఎవరికి వారు చెప్పుకొనవచ్చును, పరులకు చెప్పరాదు.

పరులకు కష్టము వచ్చినపుడు చేయవలసినదేమి? ఈ విషయమున విమానయాన రంగము మంచి పాఠము నేర్పుచున్నది. 1951 నుండి అమలులో నున్న అంతర్జాతీయ నియమముల ననుసరించి, ప్రతి విమాన ప్రమాదమును విచారించి కారణము కనుగొనవలెను. ఆ విచారణ ఉద్దేశము ఎవరినో నిందించుట కాదు, అట్టి ప్రమాదము మరల జరుగకుండ చూచుట మాత్రమే. మూసీ వరదకు సుమారు నూరేండ్ల తరువాత, 2008 మార్చిలో శంషాబాదులో ప్రారంభమైన విమానాశ్రయమున విమానమెక్కు ప్రయాణికులలో దైవప్రార్థన చేయువారు ఎందరో యుందురు. అది వారి ఇష్టము. కాని యంత్రమును పరీక్షింపక, ‘ప్రయాణికుల కర్మ యెట్లున్నదో అట్లగును’ అని విమానమును వదలు ఇంజనీరును ఏ భక్తుడును అంగీకరింపడు. గాలిలో పట్టుపట్టు ఈ న్యాయమును నేలపై, మన చెరువుల విషయమున, మన పొరుగింటి వితంతువు విషయమున, కూలివాని బిడ్డ చదువు విషయమున ఏల వదలుకొనవలెను?

ఇకమీదట ఒక ఆపద వార్త విన్నప్పుడు ‘ఏమి పాపము చేసికొనిరో’ అను మాట నాలుకపైకి వచ్చినచో, దానిని ఒక క్షణము నిలిపి మూడు ప్రశ్నలు వేసికొందము. ఏమి జరిగినది? ఎవరు ఆపియుండవచ్చును? మనము చేయదగినదేమి? మూడవ ప్రశ్నకు సమాధానము దొరకిన పిమ్మట లేచి చేయు పనియే కర్మ. ఆ మాటకు మొదటి అర్థమును అదియే గదా!